కాలువకే కాదు, పాటల సెట్టుకీ మట్టం ఉంటుంది



ఈసారి పోస్టు ఎరువుల మీద కాదు, ధరల మీద అసలే కాదు. మినుము నూర్పిళ్లు అయిపోయాయి, చేతిలో నాలుగు రోజులు ఖాళీ ఉంది. చాలాకాలంగా రాద్దామనుకుంటున్న సంగతి ఇది. మన ఇళ్లలో ఉండే పాటల సెట్ల గురించి. పంట డబ్బులు వచ్చినప్పుడు స్పీకర్ బాక్సులు కొనుక్కునేవాళ్లు, పాత సెట్టు బాగుచేయించుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. వాళ్లు నన్ను అడిగేవి రెండే మాటలు. ఒకటి, "వంద వాట్లదని తెచ్చాం, సౌండ్ చాలడం లేదు". రెండోది, "కాస్త పెంచితే చాలు, పగులుతోంది". రెండింటికీ షాపులో చెప్పే జవాబు మాత్రం ఒకటే: "ఇంకా పెద్దది తీసుకోండి."

పెద్దది కొనక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చాలాసార్లు లోపం వాట్లలో ఉండదు. ఒక డబ్బా ఇచ్చే వోల్టులకీ, దాని తర్వాతి డబ్బా కోరే వోల్టులకీ పొంతన లేకపోవడంలో ఉంటుంది. నేను చదివింది ఇంటర్ దాకానే. రేడియోలు, మోటారు స్టార్టర్లు విప్పి చూసిన అనుభవం, ఎంపీసీలో చదివిన ఓమ్ సూత్రం, ఈ రెండే నా పెట్టుబడి. ఆ రెండూ చాలు దీనికి.

మాది కాలువ చివరి భూమి. శివారు రైతుకి మట్టం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాలువలో నీటి మట్టం తక్కువుంటే తూము మొత్తం ఎత్తేసినా బోదెలోకి నీళ్లు ఎక్కవు. తూము చిన్నదని తిట్టుకుని పెద్ద తూము పెట్టినా ఎక్కవు. అప్పుడు ఇంజను పెట్టి తోడాలి. తోడితే నీళ్లతోపాటు అడుగునున్న బురద కూడా వస్తుంది. అదే కాలువ నిండుగా వచ్చిన రోజు తూము బార్లా తెరిస్తే బోదె గట్టు తెగుతుంది.

పాటల సెట్టులో జరిగేది కూడా ఇదే. కాలువ మట్టం అంటే వోల్టులు. తూము అంటే వాల్యూమ్. తోడే ఇంజను అంటే ప్రీయాంప్. బురద అంటే వెనకాల బుస్సుమని వచ్చే చప్పుడు. గండి పడడం అంటే సౌండ్ పగలడం.

సెట్టులో మూడు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు పాట వచ్చే చోటు: ఫోను, టీవీ, డీవీడీ, క్యాసెట్ డెక్, మైకు. రెండోది ప్రీయాంప్. వచ్చిన చిన్న వోల్టుని కాస్త పెంచి, బాస్, ట్రెబుల్ సరిచేసి ముందుకు పంపుతుంది. మూడోది పవర్ యాంప్లిఫయర్. స్పీకరుని కదిలించే బలం ఇచ్చేది అదే. మామూలు సెట్లలో రెండోదీ మూడోదీ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి మనకి తేడా తెలియదు. విడివిడిగా కొని కలిపినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ముందు ఏది ఎంత ఇస్తుందో చూద్దాం. మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. గ్రామఫోన్ రికార్డు మీద నడిచే ముల్లు ఇచ్చేది సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. క్యాసెట్ డెక్ వెనక పిన్నుల్లోంచి సుమారు 0.3 వోల్టు వస్తుంది. ఫోను ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి, పూర్తి సౌండ్ పెడితే, అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా. డీవీడీ, సీడీ ప్లేయర్లు గట్టి చోట 2 వోల్టుల దాకా ఇస్తాయి. మైకుకీ డీవీడీకీ మధ్య తేడా దాదాపు వెయ్యి రెట్లు! అన్నిటికీ ఒకే పిన్ను చూసి ఒకే రంధ్రంలో దూర్చేస్తే ఎలా కుదురుతుంది?

ఇప్పుడు రెండో వైపు. ప్రతి యాంప్లిఫయరుకీ ఒక కోరిక ఉంటుంది. "నాకు ఇన్ని వోల్టులు ఇస్తే నా పూర్తి బలం చూపిస్తా" అని. దీన్ని ఇన్‌పుట్ సెన్సిటివిటీ అంటారు. పుస్తకంలో ఉంటుంది, కొన్నిటికి వెనక రేకు మీదే అచ్చేసి ఉంటుంది. ఇంట్లో వాడే సెట్లు 0.2, 0.3 వోల్టుకే నిండిపోతాయి. ఫంక్షన్లలో వాడే పవర్ యాంప్లిఫయర్లు 0.775 వోల్టు, 1 వోల్టు, 1.4 వోల్టు ఇలా కోరతాయి.

ఆ 0.775 అనే వింత అంకె ఎక్కడిదని నాకు చాలాకాలం అనుమానం. అది టెలిఫోన్ కాలం నాటిది. 600 ఓముల లైను మీద ఒక మిల్లీవాట్ పంపాలంటే కావలసిన వోల్టు అంతే. 600ని 0.001తో గుణించి వర్గమూలం తీయండి, 0.775 వస్తుంది. టెలిఫోన్ వాళ్ల కొలత స్టూడియోలకి వెళ్లింది, అక్కడినుంచి ఫంక్షన్ సెట్లకి వచ్చింది. ఇంటి సామాను చేసేవాళ్లు వేరే కొలత పట్టుకున్నారు, 0.316 వోల్టు. స్టూడియో సామాను ఇప్పుడు మామూలుగా నడిచే మట్టం 1.23 వోల్టు. రెండింటికీ సుమారు నాలుగు రెట్ల తేడా. అందుకే ఇంటి డెక్కు తెచ్చి ఫంక్షన్ యాంప్లిఫయరుకి తగిలిస్తే నీరసంగా పలుకుతుంది. రెండూ మంచివే, మట్టాలే వేరు.

ఎంత నీరసమో లెక్క చూడండి. 100 వాట్ల యాంప్లిఫయరు, 8 ఓముల స్పీకరు. 100 వాట్లు ఇవ్వాలంటే స్పీకరు మీద 28 వోల్టులు రావాలి. ఆ యాంప్లిఫయరు 1 వోల్టు కోరేదైతే, లోపల 28 రెట్లు పెంచుతోందన్నమాట. దానికి 0.3 వోల్టు ఇస్తే బయటికి 8.4 వోల్టులు వస్తాయి. వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటాయి కాబట్టి 8.4ని 8.4తో గుణించి 8తో భాగించండి. 9 వాట్ల లోపే! వంద వాట్ల సెట్టు తొమ్మిది వాట్లే పలుకుతోంది. దాని బదులు 200 వాట్లది తెచ్చినా, అదీ 1 వోల్టు కోరేదే అయితే, అదే 0.3 వోల్టుకి 18 వాట్లే ఇస్తుంది. రూపాయలు రెండింతలు అవుతాయి, చెవికి మాత్రం "కాస్త పెరిగింది" అనిపిస్తుంది అంతే. కాలువలో నీళ్లు లేకుండా తూము పెద్దది చేసినట్టు.

ఇదంతా నేను కూర్చుని లెక్కలు వేసింది ఊరికే కాదు. మా అమ్మ కోసం.

మా నాన్న రామాలయంలో భజన చేసేవాడు. తత్వాలు బాగా పాడేవాడు. 1992 శ్రీరామనవమికి మా చిన్నాన్న టూ ఇన్ వన్ పక్కన పెట్టి రెండు క్యాసెట్లు రికార్డు చేశాడు. నాన్న పోయి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆయన గొంతు ఉన్నది ఆ రెండు క్యాసెట్లలోనే. ఫోటోలు ఉన్నాయి కానీ గొంతు ఇంకెక్కడా లేదు. అమ్మకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. వినికిడి తగ్గింది. "ఒకసారి మీ నాన్న పాట పెట్టరా" అని అడుగుతుంది. పెడితే, చెవి స్పీకరు దగ్గర పెట్టి, "గొంతు వినపడుతోంది గానీ మాట తెలీడం లేదురా" అనేది.

డెక్కు మా మేనల్లుడిది. యాంప్లిఫయరు కూడా వాడిదే. సౌండ్ సెట్ల అద్దె వ్యాపారం మానేస్తూ, "మామయ్యా, ఇది నీ దగ్గర ఉంచుకో" అని ఇచ్చి వెళ్లాడు. 100 వాట్లది, 1 వోల్టు కోరేది. టౌనులో షాపాయనకి చూపిస్తే పవర్ సరిపోవడం లేదన్నాడు. ఇరవై రెండు వేలది ఒకటి చూపించాడు. వద్దంటే, డెక్కు తీసుకొచ్చి ఒక మైకు మిక్సరుకి, మైకు రంధ్రంలోనే తగిలించి, "చూడండి ఎంత సౌండో" అన్నాడు. సౌండ్ వచ్చింది నిజమే. నాన్న గొంతు మాత్రం డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు వచ్చింది.

ఎందుకలా వచ్చిందో చెప్తాను, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మైకు రంధ్రం కొద్ది మిల్లీవోల్టులు వస్తాయని ఎదురుచూస్తూ ఉంటుంది. వాటిని వంద రెట్లు, ఇంకా ఎక్కువ పెంచుతుంది. దానికి 0.3 వోల్టు ఇస్తే వంద రెట్లు అంటే 30 వోల్టులు కావాలి. 12 వోల్టుల సప్లై మీద నడిచే బోర్డు పై అంచు నుంచి కింది అంచు దాకా 10, 11 వోల్టులు దాటి ఊగలేదు. అంతకు మించిన అలల తలలు కత్తెరతో కోసినట్టు చదునైపోతాయి. అదే పగలడం. ఇంకో సంగతి, ఇలా ముందు మెట్టులో కోసేశాక, వెనక వాల్యూమ్ ఎంత తగ్గించినా బాగుపడదు. పగిలిన సౌండే చిన్నగా వస్తుంది. చిన్న సౌండులోనే పగులుతోందంటే తప్పు ముందు మెట్టులో ఉందని, పెంచినప్పుడు మాత్రమే పగులుతోందంటే చివరి మెట్టులో ఉందని గుర్తు.

మా పక్క ఊళ్లో టీవీలు బాగుచేసే కుర్రాడొకడు ఉన్నాడు. ఓపిక గలవాడు. అతని దగ్గర 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరు ఉంది. మనం మోటారు వైర్లు చూసుకునే చవక మీటర్లలో ఏసీ 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది, అందులో ఈ చిన్న వోల్టులు సరిగా కనపడవు. డెక్కు వెనక పిన్ను దగ్గర కొలిచాం. పాట నడుస్తుంటే అంకె ఆగదు, ఊగుతూ ఉంటుంది. గట్టి చోట ఎందాకా వెళ్తుందో చూడాలి. కొన్న సినిమా పాటల క్యాసెట్ పెడితే 0.3 దాకా వెళ్లింది. నాన్న క్యాసెట్ పెడితే 0.1 దాటలేదు. 1 వోల్టు కోరే యాంప్లిఫయరుకి 0.1 ఇస్తే వంద వాట్లలో ఒక్క వాట్ వస్తుంది. అమ్మకి మాట తెలియకపోవడంలో వింతేముంది?

కావలసింది వంద రెట్లు పెంచే మైకు బోర్డు కాదు, సుమారు పది రెట్లు పెంచే చిన్న బోర్డు. ఆ కుర్రాడు ఆప్‌యాంప్ ఐసీతో చేశాడు. ఇందులో కిటుకు రెండు రెసిస్టర్లే. ఒకటి ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చేది, ఇంకొకటి గ్రౌండుకి వెళ్లేది. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటి కలిపితే ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. గ్రౌండు వైపు 1 కె పెట్టి, వెనక్కి వచ్చే చోట 10 కె తిప్పుడు రెసిస్టరు పెట్టాడు. అంటే ఒక రెట్టు నుంచి పదకొండు రెట్ల దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నాన్న క్యాసెట్‌కి పది రెట్ల దగ్గర, సినిమా పాటలకి మూడు రెట్ల దగ్గర గుర్తులు గీసుకున్నాం. రెండింటికీ ముందుకు వెళ్లేది సుమారు ఒక వోల్టే. సామానుకీ అతని కూలికీ కలిపి అయిన ఖర్చు, ఆ ఇరవై రెండు వేల పక్కన పెడితే, ఒక యూరియా బస్తా లెక్క.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. క్యాసెట్టులోనే ఉన్న బుస్ పోలేదు. పోదు కూడా. పాట పది రెట్లు పెరిగితే దానితోపాటు టేపు మీదున్న బుస్ కూడా పది రెట్లు పెరుగుతుంది. కాలువలో వచ్చిన బురదని ఇంజను వడగట్టదు కదా. మైకు రంధ్రం తన సొంతంగా కలిపే బుస్ పోయింది, పగలడం పోయింది. ట్రెబుల్ కొంచెం తగ్గిస్తే మిగిలిన బుస్ కూడా చెవికి అంత గుచ్చుకోదు. మొదటిసారి అలా పెట్టిన రోజు అమ్మ రెండో తత్వంలో ఆపమంది. "ఇక్కడ మీ నాన్న ఒక మాట వదిలేశాడు, ఎప్పుడూ వదిలేసేవాడు" అంది. మాట తెలియడం అంటే అదీ!

ఇప్పుడు దీనికి ఎదురు సంగతి. మా బావ వాళ్ల ఇంట్లో 30 వాట్ల ఇంటి సెట్టు. డీవీడీ ప్లేయరు పిన్నులు నేరుగా తగిలించారు. సెట్టు కోరేది 0.2 వోల్టు, వస్తున్నది 2 వోల్టులు. వాల్యూమ్ కాస్త కదిలిస్తే చాలు, ఇల్లు దద్దరిల్లేది. సగం దాకా తిప్పితే పగిలేది. పిల్లలు పండక్కి పూర్తిగా తిప్పారు. ట్వీటర్లు రెండుసార్లు కాలాయి. రిపేరు చేసినాయన స్పీకర్లు తక్కువ రకం అన్నాడు.

స్పీకర్ల తప్పు కాదు. అలల తలలు కోసుకుపోయి చదునైనప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒకటి, అదే ఎత్తున్న మామూలు అల కంటే పూర్తిగా చదునైన అల రెట్టింపు వాట్లు మోస్తుంది. రెండు, ఆ కోసుకుపోయిన అంచుల్లోంచి పాటలో లేని సన్నని స్వరాలు పుడతాయి. అవన్నీ తిన్నగా ట్వీటరుకే వెళ్తాయి. ట్వీటరు తీగ వెంట్రుకలా ఉంటుంది, కొద్ది వాట్లకి మించి మోయలేదు. అందుకే చిన్న యాంప్లిఫయరుని నెత్తిమీదికి తిప్పి వాడినా స్పీకరు కాలుతుంది.

దీనికి పెంచే బోర్డు అక్కర్లేదు, తగ్గించే రెసిస్టర్లు చాలు. ఒక్కో వైరుకి రెండు. వచ్చే వైరులో వరసగా 10 కె, తర్వాత అక్కడినుంచి గ్రౌండుకి 1.2 కె. రెండూ కలిపి 11.2, అందులో 1.2 భాగమే ముందుకు వెళ్తుంది, అంటే 2 వోల్టులు 0.21 అవుతాయి. కుడికీ ఎడమకీ కలిపి నాలుగు రెసిస్టర్లు, టీ డబ్బుల కంటే తక్కువ. ఇప్పుడు బావ వాళ్ల వాల్యూమ్ మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా పెరుగుతుంది. పిల్లలు తిప్పినా పగలదు.

ఇంకొకటి చూడాలి. ఒక బోదెకి తూములు ఎక్కువైతే మట్టం పడిపోతుందని మనకి తెలుసు. అలాగే పంపే డబ్బా లోపలి ఓములు ఎక్కువ, తీసుకునే డబ్బా ఓములు తక్కువ అయితే వోల్టు దారిలోనే పడిపోతుంది. రెండూ 10 కె అయితే సగం పోతుంది. పంపేది 1 కె, తీసుకునేది 10 కె అయితే పదకొండో వంతే పోతుంది. తీసుకునే వైపు కనీసం పది రెట్లు ఎక్కువ ఉండేట్టు చూసుకుంటే చాలు. ఇంటి సెట్లలో తీసుకునే వైపు 47 కె దాకా కూడా ఉంటుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. ఒకే ఫోను నుంచి నాలుగు సెట్లకి వైర్లు లాగేవాళ్లకే ఈ హెచ్చరిక.

రికార్డు ప్లేయరు దాచుకున్నవాళ్లు ఒకరిద్దరున్నారు మన పేజీలో. వాళ్లకి మామూలు ప్రీయాంప్ పనికిరాదు. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, సన్న స్వరాలు పెంచి కోస్తారు. దాన్ని తిరగేసి సరిచేసే ఫోనో ప్రీయాంప్ అని వేరే ఉంటుంది, అదే పెట్టాలి.

సెట్టు పెట్టుకునే వరస ఇది. ముందు పవర్ యాంప్లిఫయర్ వాల్యూమ్ సన్నగా వినపడేంత వరకు తగ్గించండి. ఫోను అయితే ఎనభై, తొంభై శాతం దగ్గర పెట్టండి. ఫోను సౌండ్ అడుగున పెట్టి యాంప్లిఫయరు పూర్తిగా తిప్పితే బుస్ మాత్రమే వస్తుంది. తర్వాత ప్రీయాంప్ గెయిన్ నెమ్మదిగా పెంచుతూ, పాటలో అన్నిటికంటే గట్టి చోట పగలని దగ్గర ఆపి, కొంచెం వెనక్కి తిప్పండి. ఆఖరున పవర్ యాంప్లిఫయరు మీకు కావలసినంత తిప్పుకోండి. బాస్, ట్రెబుల్ రెండూ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. బాస్ పూర్తిగా తిప్పితే ఆ ఒక్కదానికే గట్టు తెగుతుంది.

పెద్ద యాంప్లిఫయరు మూత మీరు తీయొద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. వెనక పిన్నుల దగ్గర కొలుచుకోవడం వరకే మన పని. లోపలి పని తెలిసినవాడికి వదిలేయండి.

ఈసారి షాపుకి వెళ్తే ఎన్ని వాట్లని అడిగే ముందు రెండు అంకెలు అడగండి. పాట వచ్చే డబ్బా ఎన్ని వోల్టులు ఇస్తుంది? ఈ యాంప్లిఫయరు ఎన్ని వోల్టులు కోరుతుంది? ఆ రెండు అంకెలు చెప్పలేనాయన "పెద్దది తీసుకోండి" అంటే, ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటికి వచ్చేయండి.

ఇంట్లో ఎవరివైనా పాత క్యాసెట్లు ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. టేపు కూడా విత్తనం లాంటిదే, ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిపోతుంది. మట్టం సరిచేసుకుని, ఆ ఒక్క వోల్టు దగ్గరే కంప్యూటరులోకో ఫోనులోకో ఎక్కించి పెట్టుకోండి. నాన్నవి రెండూ అలా ఎక్కించాం.

వచ్చే పోస్టు జీలుగు విత్తనం మీద. ఉంటాను.